చెప్పుల వరుస

ఈ మధ్య నేను రిటైరైన ఆరోగ్య కేంద్రానికి బీపీ మాత్రల కోసం వెళ్లాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు ఒకామె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "మేడం, కరోనా టైంల పొలిటికల్ ప్రెషర్ మస్తుండేదట గద, ఎట్ల తట్టుకున్నరు?" అని అడిగింది. ఆమె కళ్లలో ఎంత గౌరవమో! దాన్ని చెడగొట్టడం ఇష్టం లేక ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. కానీ అబద్ధం కడుపులో పెట్టుకుంటే నాకు అన్నం అరగదు. కాబట్టి ఆమెకూ, ఆమె వయసు పిల్లలందరికీ ఇక్కడ నిజం చెప్పేస్తున్నాను. నేను ఏ ఒత్తిడినీ తట్టుకోలేదు. రాజకీయం తనంతట తాను మా కేంద్రానికి రాలేదు. నేనే మెట్లెక్కి వెళ్లి, బొట్టు పెట్టి మరీ పిలుచుకొచ్చాను.

నా ఉద్యోగం ఏటూరునాగారం అడవి పక్క ఊళ్లలో మొదలైంది. టీకాల డబ్బా భుజానికి తగిలించుకొని వాగులు దాటిన రోజులవి. అక్కడ నాయకులు ఎన్నికలప్పుడు తప్ప కనిపించేవారు కాదు గనుక వాళ్లతో నాకు పేచీ ఉండేది కాదు. జ్వరం, పాముకాటు, కాన్పు, వీటితోనే సరిపోయేది. సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ ఇచ్చి వరంగల్ పాత బజారులోని కేంద్రానికి పంపాక గానీ నాకు అసలు ఉద్యోగం అంటే ఏమిటో తెలియలేదు. ఇక్కడ రోగుల కంటే నాయకులు ఎక్కువ.

మా కేంద్రం చుట్టూ రోడ్డు మీద కిరాణా హోల్‌సేలు, స్టీలు సామాను, బట్టల దుకాణాలు. వాటి వెనక నుంచి పోయే ఒక పొడుగాటి గల్లీలో దర్జీలు, మెకానిక్కులు, గాజులు అమ్మేవాళ్లు, మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు ఉంటారు. ముస్లిం ఇళ్లే ఎక్కువ. దుకాణాలకూ గల్లీకీ తరాల నాటి ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. ఈ దుకాణాల్లో గుమాస్తాలు ఆ గల్లీవాళ్లే, ఆ గల్లీ పెళ్లిళ్లకు బియ్యం ఈ దుకాణాలవే.

కరోనా వచ్చిన మొదటి ఏడు గల్లీలోని రెండిళ్లలో కేసులు బయటపడ్డాయి. కర్రలు అడ్డం కట్టి ఆ ప్రాంతం మూసేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. హద్దు ఎక్కడ గీయాలో తేల్చడానికి మీటింగ్ పెట్టారు. మీటింగ్‌కు వచ్చిన పెద్దలంతా రోడ్డు వైపు వాళ్లే. సాయంత్రానికి పటం తయారైంది. గల్లీ మొత్తం మూత, రోడ్డు మొత్తం తెరుపు. మేమంతా సేటు అని పిలిచే వ్యాపారుల సంఘం అధ్యక్షుడి ఇల్లు సరిగ్గా ఆ హద్దు మీద ఉంది. ముందు గుమ్మం రోడ్డు మీదికి, వెనక గుమ్మం గల్లీలోకి. ఆయన నాతో, "మేడం, కరోనా మా ఎనక తలుపు దాకా వచ్చి ఆగిందట. లోపటికి వచ్చేటందుకు దానికి పర్మిషన్ లేదట," అన్నాడు. ఆయనా నేనూ నవ్వుకున్నాం. గల్లీవాళ్లు నవ్వలేదు. మూడు వారాల పాటు వాళ్లు ఆ కర్రల సందుల్లోంచి పాల ప్యాకెట్లు అందుకున్నారు.

మరుసటి ఏడు టీకాలు వచ్చాయి. ఆ గల్లీ బాధ్యత చూసే ఆశా వర్కర్ ఆ గల్లీ కోడలే. నలభై ఏళ్లు ఉంటాయి. ఇంటింటికీ తిరగడంలో ఆమెను మించినవాళ్లు మా కేంద్రంలో లేరు. కానీ మేమిచ్చిన రిజిస్టర్ ముట్టేది కాదు. పాత పెళ్లి కార్డుల వెనక రాసుకునేది. ఒక్కో కార్డు ఒక్కో ఇంటికి. పేరు, వయసు, షుగరు, బీపీ, చివర ఒక్క ముక్క: 'కొడుకు వద్దంటాండు'. 'సూదంటే బుగులు'. 'ముందుగాల నువ్వు ఏసుకొని బతికి చూపియ్ అంటాంది'.

ఆమె నిజంగానే బతికి చూపించింది. ఆరోగ్య సిబ్బందికి ముందు వేశారు కాబట్టి ఆమెకు మొదట్లోనే టీకా పడింది. తరువాత సంగతి ఆమె మాటల్లోనే వినాలి. "నెల రోజులు మేడం! పొద్దుగాల తలుపు తీస్తే ఇద్దరు ముగ్గురు ముసలోళ్లు గల్లీల నిలవడి నన్నే చూసేటోళ్లు. లేసిన్నా లేదా అని. పెన్షనోళ్లను బతికున్నట్టు కాయితం అడిగినట్టు." అలా నెల గడిచాక, ఆమె ఇంకా రొట్టెలు చేస్తూ, పిల్లలను తిడుతూనే ఉందని ఖాయం చేసుకున్నాక, గల్లీలో నలభై ఇద్దరు పెద్దవాళ్లు సరేనన్నారు.

సరేనన్నాక మా దగ్గర టీకాలు లేవు. కాగితం మీద విధానం బాగానే ఉంది, వయసు పైబడినవాళ్లకు ముందు అని. కానీ టీకా సీసాలు కాగితం చదవలేవు కదా, ఫోన్లు మోగిన వైపు పోయేవి. మా డాక్టరు చిన్నవాడు, కాంట్రాక్టు ఉద్యోగి. పాపం, వారానికి రెండు ఉత్తరాలు రాసేవాడు. రెండుసార్లు క్యాంపు అని చెప్పి, రెండుసార్లూ ఆ ఉదయమే రద్దు చేశాం. ఆ రెండుసార్లూ ఆశా తన వాళ్లను నడిపించుకొని గేటు దాకా వచ్చి, వెనక్కి తీసుకుపోయింది.

రెండోసారి వాళ్లను ఇళ్లకు పంపాక ఆమె నా బల్ల ముందు నిలబడింది. "మేడం, ఇంకోసారి ఉత్త చేతులతోని పంపితె ఇగ వీళ్లు రారు. నేను కాళ్లు మొక్కినా రారు. మూసేటప్పుడు మన గల్లీ ముందు, ఇచ్చేటప్పుడు ఎనక అని అప్పుడే అంటాన్రు," అంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ మధ్యాహ్నమే నేను కార్పొరేటర్ ఆఫీసు మెట్లెక్కాను. ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన ఉండేది ఆయన ఆఫీసు. మనిషి చెడ్డవాడు కాదు. నవ్వుతాడు, పలకరిస్తాడు, చావుకూ పెళ్లికీ అందరికంటే ముందు ఉంటాడు. కాకపోతే ఏ పని చేసినా దాని మీద తన ఫొటో ఉండాలి.

"ఇయ్యాల పొద్దెటు పొడిసిందక్కా, నువ్వే మా మెట్లెక్కినవ్?" అన్నాడు.

నేను సంగతి చెప్పాను. ఆయన అక్కడికక్కడే ఫోను తీసి, స్పీకర్ పెట్టి, ఎవరితోనో మాట్లాడాడు. నేను చాయ్ తాగడం పూర్తి కాకముందే మా కేంద్రానికి పది సీసాలు మంజూరయ్యాయి. సీసాకు పది మంది, మొత్తం వంద మందికి టీకా. మా డాక్టరు రెండు నెలలు ఉత్తరాలు రాసిన పని అది.

"ఒక్కటే మాటక్కా," అన్నాడు ఫోను పెట్టేసి. "పబ్లిక్ ఆగమాగమైతరు. టోకెన్లు మా ఆఫీసు కాడ పంచుతం. నీకు ఫికర్ ఉండది. తొమ్మిదింటికి మా ఎమ్మెల్యే పెద్దాయన వచ్చి రిబ్బన్ కట్ చేస్తడు."

"మా ఆశా కాడ నలభై రెండు పేర్లున్నయి," అన్నాను.

"అందరు మనోళ్లే గదక్కా! వాళ్లయి వాళ్లకు రేపు పంపుత."

పిల్లలూ, నా తప్పు ఇక్కడుంది, జాగ్రత్తగా చూడండి. నలభై రెండు టోకెన్లు తీసి నా బ్యాగులో పెట్టుకొని, మిగిలినవి ఆయనకు ఇవ్వాల్సింది. పాతికేళ్లు పోలియో చుక్కల రోజున ఒక్కో సీసాకు లెక్క చెప్పినదాన్ని. సీసాలు దొరికాయన్న సంబరంలో, మా కేంద్రం ముద్ర కొట్టిన వంద టోకెన్ల కట్ట కట్టలాగే ఆయన చేతిలో పెట్టాను. పైగా థ్యాంక్స్ కూడా చెప్పి వచ్చాను.

మర్నాడు సాయంత్రం ఆశాకు అందినవి ఏడు. నలభై రెండుకు ఏడు. నేను కార్పొరేటర్‌కు ఫోను చేస్తే ఆయన మనిషి ఎత్తి, అన్న మీటింగ్‌లో ఉన్నాడన్నాడు. మళ్లీ చేస్తే మళ్లీ మీటింగే.

ఆశా ఆ ఏడు టోకెన్లను చాలాసేపు చూసింది. "ఎవలకిద్దు మేడం? మా అత్తకిచ్చి పక్కింటామెను ఉండుమందునా?" అంది. అంతలో తనే తేల్చుకుంది. "టోకెన్లు వాళ్ల కాడ ఉండని. మావోళ్లు నా మాట మీద వస్తరు, కాయితం మీద గాదు. పొద్దుగాలనే చెప్పులు పెట్టిస్త."

మా వైపు ఇది అందరికీ తెలిసిన పద్ధతే. రేషన్ షాపు ముందు, బ్యాంకు ముందు, దవాఖాన ముందు తెల్లారకముందే వచ్చి చెప్పులు వరుసలో విడిచి, పోయి నీడన కూర్చుంటారు. చెప్పులు ఎక్కడుంటే మనిషి అక్కడ ఉన్నట్టు. వాటిని ఎవరూ కదపరు. టోకెన్ల ముందు చెప్పులు ఏం పనిచేస్తాయిలే అనుకున్నాను గానీ ఆమెను వద్దనే మొహం నాకు లేదు.

క్యాంపు వ్యాపారుల సంఘం హాల్లో పెట్టాం. సేటే ఇచ్చాడు, షామియానా, కుర్చీలు, మంచినీళ్లతో సహా. ఆ ఉదయం నేను వెళ్లేసరికి ఏడు కాలేదు. హాలు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా సుద్దతో గీసిన గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో ఒక జత. హవాయి చెప్పులు, పట్టీకి పిన్నీసు పెట్టినవి, అరిగిపోయిన తోలు చెప్పులు, లేసులున్న బూట్లు. చెప్పులు విడవడం ఇష్టం లేని ఒకాయన స్టీలు టిఫిన్ డబ్బా పెట్టాడు. ఒట్టి గల్లీవాళ్లవే కాదు. టోకెన్లు అందని గుమాస్తాలు, హమాలీలు, దుకాణదారుల ఇళ్లలోని ముసలమ్మలు కూడా ఎప్పుడో వచ్చి పెట్టేశారు. చెప్పుల సొంతదార్లు ఎదుటి గోడ నీడన మాస్కులు కట్టుకొని దూరం దూరంగా కూర్చున్నారు. కర్రలు కట్టిన రోజుల తరువాత రోడ్డువాళ్లూ గల్లీవాళ్లూ ఒక్కచోట కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

తొమ్మిదైంది. పెద్దాయన రాలేదు. తొమ్మిదిన్నర అయింది. సీసాలు ఐస్ డబ్బాలో ఉన్నాయి. మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, లేదంటే పారబోయాలి. కాబట్టి రిబ్బన్ తెగేదాకా సీసా తెరిచే ప్రశ్న లేదు. లోపల కుర్చీల్లోకి టోకెన్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఇస్త్రీ బట్టలు, చేతిలో ముద్ర వేసిన కాగితం. బయట ఎండ ముదురుతోంది.

అప్పుడే మున్సిపాలిటీ జవాన్‌కు ఫోను వచ్చింది. పారిశుద్ధ్య పనివాళ్ల మీద పెద్దను మా దగ్గర జవాన్ అంటారు. మహా శ్రద్ధగల మనిషి. అదే కొంప ముంచింది. 'సారు బయల్దేరిండు, రోడ్డు క్లియర్ చెయ్' అని ఫోనులో చెప్పారట. చూస్తే, సారు కారు ఆగాల్సిన చోట వందమంది చెప్పులు. ఇంకేముంది, ఇద్దరు మనుషులను పెట్టి పది నిమిషాల్లో మొత్తం చెప్పులను చీపుళ్లతో ఊడ్చి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కుప్ప పోశాడు. నీళ్లు కొట్టి సుద్ద గుండ్రాలు కడిగేశాడు. ఆపైన రోడ్డుకు రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లటి గీతలు వేశాడు.

గోడ దగ్గరున్నవాళ్లు చూసేసరికి అయిపోయింది. ఒక్కసారిగా లేచి కుప్ప మీద పడ్డారు. నేను లోపలి నుంచి కేకలు విని పరుగెత్తుకొచ్చాను. ఆ కుప్ప చూడగానే ఏడుపు వచ్చింది, దాచడమెందుకు.

"నాకేమెరుక మేడం? వీఐపీ వస్తాండంటె సాఫ్ చెయ్యాలె గద! ఎప్పుడు చేసేదే గద!" అన్నాడు జవాన్. మనిషి నిజంగానే భయపడ్డాడు.

కొందరు కుప్పలోంచి తమ చెప్పులు ఏరుకొని, లోపల కుర్చీల్లో కూర్చున్నవాళ్లను ఒకసారి చూసి, ఇంటి దారి పట్టారు. ఆశా వాళ్ల వెంట నాలుగడుగులు పరుగెత్తింది. వాళ్లు ఆగలేదు. మిగిలినవాళ్లు కూడా పోయేలా ఉన్నారని ఆమె అటు వెళ్లడం మానేసి కుప్ప దగ్గరికి తిరిగొచ్చింది.

అక్కడ ఒక అవ్వ చేతిలో చెప్పులు పట్టుకొని నిలబడి ఉంది. ఆశా ఆమె భుజం పట్టుకొని, "నువ్వు గేటు కాడ ఫస్టు గద అవ్వా. నీ ఎనక ఎవలు?" అని అడిగింది.

"నా ఎనక కిరాణా దుకాణపామె. ఆకుపచ్చ బద్దీలు ఆమెయి."

"ఆఁ, నావే," అంటూ కిరాణా దుకాణపామె వచ్చి అవ్వ వెనక నిలబడింది. "నా ఎనక గాజుల చిచ్చా. ఒక చెప్పుకు పిన్నీసున్నది చూడు."

చిచ్చా తన వెనక హమాలీని చూపించాడు. హమాలీ తన వెనక బూట్లాయనను పిలిచాడు. అలా ఒకరు ఇంకొకరిని, వాళ్లు మరొకరిని. మధ్యలో ఒక గుమాస్తా నాలుగు స్థానాలు ముందుకు జరగబోతే వెనక నుంచి ఒకామె, "నీయి కరెంటు స్తంభం కాడుండె! నాకు కండ్లు లేవా?" అంది. అతను నాలుక కరుచుకొని వెనక్కి పోయాడు, అందరూ నవ్వారు. పావుగంటలో, చెప్పులు లేకుండా, గుండ్రాలు లేకుండా, వరుస ఎలా ఉన్నదో అలా మళ్లీ నిలబడింది. మూడు గంటలు నీడన కూర్చొని వాళ్లంతా ఒకరి చెప్పులు ఒకరు చూసుకుంటూ ఉన్నారన్నమాట. నా సర్వీసులో ఎన్ని రిజిస్టర్లు చూశానో, ఇంత తప్పులేని రిజిస్టర్ ఒక్కటీ చూడలేదు.

అప్పుడే కార్పొరేటర్ కారు దిగాడు. వెంట ఆయన మనుషులే, పెద్దాయన లేడు. "పెద్దాయనకు వేరే ప్రోగ్రాం పడ్డదక్కా, నేనే కట్ చేస్త," అని రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి, "ఇగ మనోళ్లను పిలువుండ్రి," అన్నాడు, కుర్చీల వైపు చూపిస్తూ.

డాక్టరు నా వైపు చూశాడు. "మేడం, మీరెట్లంటె అట్ల," అన్నాడు మెల్లగా. అతని ఉద్యోగం కాంట్రాక్టు, మాట అనాల్సింది నేనేనని ఇద్దరికీ తెలుసు. గుమ్మంలో మొదటి అవ్వ నిలబడి ఉంది. ఆమె వెనక ఆశా. ఆశా నన్ను చూడటం లేదు, తన వాళ్లను చూసుకుంటోంది, ఎవరైనా వరుస విడిచి పోతారేమోనని.

"వరుసలున్నోళ్లకే ముందు," అన్నాను. "టోకెన్లున్నోళ్లు పోయి ఆఖర్ల నిలవడాలె."

కార్పొరేటర్ నవ్వు పోలేదు గానీ కళ్లలోంచి దిగిపోయింది. "అక్కా, మనం ఒకటనుకున్నం."

"అనుకున్నం. టోకెన్లు మొత్తం మీకిచ్చుడే నా తప్పు. దానికి మీరేమన్నా అనుండ్రి, పడుత. గని రెండుసార్లు తిరిగిపోయినోళ్లను నేను మూడోసారి పంపియ్య."

"పైకి ఫోన్ చెయ్యాల్నా మరి?" అన్నాడు, జేబులోంచి ఫోను తీస్తూ.

చేయండి అన్నాను. ఆయన నంబరు నొక్కుతుండగా వరుసలోంచి ఒక గొంతు లేచింది.

"ఏందిరా ఆ లొల్లి? ఎండల ఎంతసేపు నిలవెడుతరు మమ్ముల?"

కార్పొరేటర్ వేలు ఫోను మీదే ఆగిపోయింది. వరుసలో పంతొమ్మిదో మనిషి ఆయన తల్లి.

"అమ్మా! నీకు టోకెన్ ఇంట్ల పెట్టిన గదనే! లోపట కుర్చీల కూసోక!"

"అది మన పాలామె అత్తకిచ్చిన. ఆమెకు చెప్పులు పెట్టి కూసునే శాత గాదు. నేను పొద్దుగాలనే వచ్చి పెట్టిన. జర్ర జల్ది కానియ్యి, కాళ్లు గుంజుతానయి."

తన టోకెన్లను ముందుకు పిలవాలంటే కన్నతల్లిని వెనక్కి నెట్టాలి. రాజకీయ నాయకుల మీద నాకు గౌరవం పెరిగింది ఆ క్షణంలోనే. ఒక్క రెప్పపాటులో ఫోను జేబులో పెట్టి, చప్పట్లు కొట్టి, అందరికీ వినబడేలా, "చూసిండ్రా! వరుసంటే వరుసే! నేను మొదటిసంది గదే చెప్తాన!" అన్నాడు. ఆయన మనుషులు కూడా చప్పట్లు కొట్టారు. ఏం చేస్తారు మరి.

ఆ తల్లి వరుసలో లేకపోతే నేను చివరిదాకా నిలబడేదాన్నా అని చాలాసార్లు నన్ను నేనే అడిగి చూసుకున్నాను. నిలబడేదాన్ననే చెప్పాలని ఉంది. ఏమో, నిజంగా తెలియదు.

వరుసలో తేలినవాళ్లు తొంభై ఆరుగురు. మిగిలిన నాలుగు టీకాలు టోకెన్లవాళ్లకు వెళ్లాయి. సేటు దగ్గర కూడా టోకెన్ ఉంది. ముందు కుర్చీలో కూర్చున్న మనిషి లేచి, అందరికంటే ఆఖరున పోయి నిలబడ్డాడు. ఆయన దాకా రాకముందే సీసాలు అయిపోయాయి. "హాలు నాది, షామియానా నాది, కుర్చీ నాది, సూది మాత్రం నాది గాదు," అని అందరికీ చెప్పుకుంటూ, ఆ రోజంతా టీకా పడినవాళ్లకు మజ్జిగ పోయించాడు. ఆ వేసవి మొత్తంలో నేను అంత సంతోషంగా ఇంటికి పోయిన రోజు ఇంకొకటి లేదు.

ఒక విషయం కూడా న్యాయంగా చెప్పాలి. టీకా అందని టోకెన్లవాళ్లు తిన్నగా కార్పొరేటర్ ఆఫీసు మెట్లెక్కారు. వాళ్ల పోరు పడలేక ఆయన మళ్లీ ఫోన్లు చేశాడు. మూడో రోజుకల్లా ఇంకో ఇరవై సీసాలు వచ్చాయి. ఆ తరువాత మా కేంద్రానికి టీకాలు ఆగలేదు. నాకు ఒక మెమో వచ్చింది, ముఖ్యుల సూచనలు పాటించలేదని. ముందు వచ్చినవారికి ముందు వేశామని ఒక్క వాక్యం జవాబు రాశాను, అది ఏ ఫైలులో నిద్రపోతోందో. రాజకీయం లేకుండా మనకు సీసాలు రావమ్మా, ఆ భ్రమలు పెట్టుకోకండి. గేటు దాకా దానితోనే పని. గేటు లోపల వరుస మాత్రం మీ చేతిలో ఉంచుకోండి, నాలా కట్ట కట్ట ఇచ్చేయకండి.

అంతా బాగానే ఉంది గానీ ఆశా లెక్క సరిపోలేదు. ఆమె నలభై ఇద్దరిలో ముప్ఫై ఎనిమిది మందికే పడింది. కుప్ప దగ్గరి నుంచే ఇంటికి పోయినవాళ్లు నలుగురు. మర్నాడు పొద్దున ఆమె నన్ను అడగలేదు, నేనే ఆమె వెంట గల్లీలోకి వెళ్లాను. ముగ్గురు కొంచెం సణిగి ఒప్పుకున్నారు. నాలుగో ఆయన ముసలి దర్జీ. మిషను ముందు కూర్చొని తల ఎత్తలేదు.

"చిచ్చా, దవాఖాన మేడం వచ్చింది," అంది ఆశా.

"రెండుసార్లు వచ్చిన, తిరిగొచ్చిన. మూడోసారి నా చెప్పులను గూడ చెత్తల పోసిన్రు. ఇగ నాకొద్దు బేటీ. నీ మాట విన్నందుకు సాలు." ఆ చివరి ముక్క ఆశాను అన్నది. ఆమె తల వంచుకుంది. గల్లీలో ఆ రెండు రోజులుగా టోకెన్ల మాట ఆమె నెత్తినే పడుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

"చిచ్చా, టోకెన్లు మొత్తం కార్పొరేటర్ చేతుల పెట్టింది నేను," అన్నాను. "మీ నలభై రెండు తీసిపెట్టి ఇయ్యాల్సింది, ఇయ్యలే. ఈ చెల్లె తప్పు ఇందుల ఏం లేదు. తప్పు నాది. ఆ ముచ్చట చెప్పి పోదామనే వచ్చిన."

మిషను ఆగింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని నన్ను చూశాడు.

"ఓటడిగేటందుకు ఈ గడప కాడికి అందరు వచ్చిన్రు. తప్పు నాదని చెప్పేటందుకు ఎవ్వలు రాలే," అన్నాడు. మిషను మీది గుడ్డ మడిచి, "క్యాంపు ఎప్పుడు?" అన్నాడు.

"ఎల్లుండి."

"ఎడమ చేతికెయ్యుండ్రి. కుడి చెయ్యి నాకు కత్తెరకు కావాలె."

క్యాంపు రోజు వేరేవాళ్లను రానివ్వకుండా నేనే వేశాను, ఎడమ చేతికి. పక్కన ఆశా నిలబడి, ఆయన చొక్కా చేతి మడత మెల్లగా కిందికి దించింది.